మీరడిగారు: రేపటి ప్లాన్ ఇంగ్లీష్‌లో చెప్పేదెట్లా?

ప్రశ్న: సర్, మాది ఖమ్మం సైడు, బీటెక్ అయిపోయి అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కోర్సు చేస్తున్న. మొన్న మాక్ ఇంటర్వ్యూలో వీకెండ్ ప్లాన్ ఏందని అడిగితే "ఐ విల్ గో టు మై సిస్టర్స్ వెడ్డింగ్" అన్న. గ్రామర్ తప్పు కాదు గానీ అట్ల అనరు అన్నడు మా ట్రైనర్. మరి ఎట్ల అనాలె అంటే విల్, గోయింగ్ టు, యామ్ గోయింగ్, ఉత్త గో అని నాలుగు బోర్డు మీద రాసి పోయిండు. ఏది ఎప్పుడు వాడాల్నో జెర క్లియర్‌గా చెప్పుండ్రి.
– ఓ పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: ట్రైనర్ చెప్పింది కరెక్టే, కానీ నాలుగూ బోర్డు మీద పడేసి వెళ్ళిపోతే ఎవరికి అర్థమవుతుంది చెప్పండి. ఆ పని రేపా, పదేళ్ళ తర్వాతా అన్నది ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదు, అది ఇప్పటికి ఎంతవరకు ఖాయమైందో చూసుకోవాలి. మీ అక్క పెళ్ళే తీసుకుందాం. ముహూర్తం పెట్టేశారు, ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ ఇచ్చారు, కార్డులు పంచేశారు, అంటే నలుగురితో మాట్లాడి ఫిక్స్ చేసుకున్న పని, కాబట్టి బోర్డు మీది యామ్ గోయింగ్ రకం, "మై సిస్టర్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్ ఆన్ ఫ్రైడే", మీ సంగతైతే "ఐ యామ్ గోయింగ్ టు ఖమ్మం ఫర్ ద వెడ్డింగ్". ఇది మనకి కొత్తేం కాదండీ, టికెట్ బుక్ అయ్యాక ఇంటికి ఫోన్ చేసి "శుక్రవారం వస్తున్నా" అంటాం, లీవ్ దొరకనప్పుడు "చూసుకుని వస్తాలే" అంటాం, ఆ రెండిటికీ తేడా అమ్మ ఫోన్‌లోనే పట్టేస్తుంది.

ఇక గోయింగ్ టు, అంటే దాని వెనక ఖమ్మంలా ఊరి పేరు కాకుండా డూ, రెయిన్ లాంటి పని మాట వచ్చేది. అక్క పెళ్ళయ్యాక ఎంటెక్ చేద్దామని గట్టిగా అనుకుంది, ఇంకా అప్లై చేయలేదు, అప్పుడు "షి ఈజ్ గోయింగ్ టు డూ ఎంటెక్". నిజానికి ఫిక్స్ అయిన పనికి కూడా గోయింగ్ టు అనేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు, ఆ రెండిటి మధ్య గీత గీయడానికి తల బద్దలు కొట్టుకోకండి. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. హుస్సేన్ సాగర్ మీద మబ్బులు కమ్ముకొస్తుంటే "ఇట్స్ గోయింగ్ టు రెయిన్" అనాలి, ఎందుకంటే వాన పడేలా ఉందని కళ్ళకి కనిపిస్తోంది. "ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో" మాత్రం కుదరదు, వానతో ఎవరూ అపాయింట్‌మెంట్ ఫిక్స్ చేసుకోరు కదా!

మాట్లాడుతూ మాట్లాడుతూనే డిసైడ్ అయ్యేదానికి విల్. హాస్టల్‌లో వాటర్ క్యాన్ అయిపోయిందిరా అని ఎవరో అంటే "ఐల్ గెట్ వన్" అని లేస్తాం చూడండి, అది. మాట ఇవ్వడానికి, "ఐ థింక్ షి విల్ లైక్ ఇట్" లాంటి అంచనాలకి కూడా ఇదే. అందుకే వీకెండ్ ప్లాన్ అడిగితే మీరు విల్ అనేసరికి సొంత అక్క పెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాకే గుర్తొచ్చినట్టు వినపడింది. ఉత్త ప్రెజెంట్ టెన్స్ టైమ్‌టేబుల్ ఉన్నవాటికి, అంటే బస్సులు, రైళ్ళు, ఎగ్జామ్స్. "మై బస్ లీవ్స్ ఎంజీబీఎస్ ఎట్ నైన్" బావుంటుంది, "ఐ గో టుమారో" బావుండదు.

ప్రశ్న: మా పాప "వెన్ ఐ విల్ రీచ్ హోమ్, ఐ విల్ కాల్ యు" అని రాస్తే టీచర్ మొదటి విల్ కొట్టేశారు. రెండూ జరగబోయేవే కదండీ?
– ఓ తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: జరగబోయేవే అమ్మా, కానీ వెన్, ఇఫ్, ఆఫ్టర్, అంటిల్ లాంటివాటితో టైమో కండిషనో చెప్పే ముక్కలో మామూలుగా విల్ రాదు, "వెన్ ఐ రీచ్ హోమ్" అంతే. మనం "ఇంటికెళ్ళాక ఫోన్ చేస్తా" అన్నప్పుడు వెళ్ళాక అన్నదాంట్లో భవిష్యత్తు ఏముంది, చేస్తా అన్నదాంట్లోనే కదా ఉంది, ఇదీ అలాంటిదే అనుకోమనండి. అయితే "ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్" దగ్గర విల్ ఉండాల్సిందే, అక్కడ వెన్ అంటే వచ్చాక అని కాదు, ఎప్పుడొస్తాడో అన్న ప్రశ్న. పాప ఈసారి దాన్ని కూడా కొట్టేయకుండా చూడండి, పిల్లలు ఒక రూల్ నేర్చుకుంటే అన్నిచోట్లా దిద్దేస్తారు.

ప్రశ్న: ఐ, వి పక్కన షల్ తప్పనిసరి అని మా నాన్నగారు, అది పాత ఇంగ్లీష్ అని నేను. ఎవరు కరెక్ట్?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నాన్నగారి రూల్‌కి చాలా వయసుంది, 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీష్ గ్రామర్‌లోనే కనిపిస్తుంది. ఈయన లెక్కల మాస్టారు, అనంతానికి మనం వేసే పడుకున్న ఎనిమిది గుర్తు కూడా ఈయన తెచ్చిందే. మాట్లాడేవాళ్ళు మాత్రం ఆ రూల్‌ని ఎన్నడూ పూర్తిగా పాటించలేదు, ఇప్పుడైతే ఐ పక్కన కూడా విల్ అనడమే మామూలు. "షల్ వి గో?", "షల్ ఐ క్లోజ్ ద డోర్?" లాంటి ప్రశ్నల్లో మాత్రం షల్ ఇంకా బతికే ఉంది. రెంటల్ అగ్రిమెంట్‌లో "ద టెనెంట్ షల్ పే" అని ఉంటే అది ప్లానూ కాదు, అంచనా కూడా కాదు, కట్టి తీరాలని అర్థం, సంతకం పెట్టేముందు ఆ లైన్లు మళ్ళీ ఓసారి చదువుకోండి.