టెక్ సందేహాలు: అండమాన్ గ్రూపులో ఎనిమిది ఆధార్ కార్డులు

"సార్, మాది తిరుపతి కొర్లగుంట. డిగ్రీ బ్యాచ్ ఎనిమిది మందిమి డిసెంబరులో వారం రోజులు అండమాన్ పోవాలని ప్లాన్ చేస్తా ఉండాము. ఊళ్లు చుట్టేసే టూరు కాదు, బీచ్‌లో తీరిగ్గా కూర్చుని రావాలని. వాట్సాప్ గ్రూపులో అందరూ ఆధార్ ఫొటోలు పెట్టేసినారు. నెట్‌లో దొరికిన రిసార్ట్ నంబరుకు నేనే వాటిని పంపించినాను. సగం అడ్వాన్సు ఈ రోజే క్యూఆర్‌కు కట్టమంటున్నారు. కట్టొచ్చా?"

కట్టొద్దు. ఆ రిసార్ట్ నిజంగా ఉందా, ఉంటే ఆ నంబరు దానిదేనా అన్నది ముందు తేల్చుకోండి. ఒకవేళ ఇప్పటికే కట్టేసి, అవతలి వాళ్లు ఫోన్ ఎత్తడం మానేస్తే రేపు చూద్దామనుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారిపోకముందే ఫిర్యాదు అందితేనే ఆపడానికి వీలుంటుంది.

సెలవులు దగ్గరపడితే చాలు, ఈ ఉత్తరమే ఊరి పేరు మార్చుకుని వస్తుంది. గోవా, పుదుచ్చేరి, ఇప్పుడు అండమాన్. రిసార్ట్ నిజం, ఫొటోలు నిజం, కింద రివ్యూలూ నిజమే. ఫోన్ నంబరు ఒక్కటే మోసగాడిది. మ్యాపుల్లో ఒక వ్యాపారం నంబరు మార్చమని దారినపోయే వాడెవడైనా సూచించవచ్చు. వెతికినప్పుడు అన్నిటికంటే పైన కనిపించేది చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించిన ప్రకటన. తిరుపతిలో పుట్టి పెరిగిన వాళ్లకు ఇది నేను చెప్పాలా? దర్శనం టికెట్లు, కొండమీద గదులు అంటూ పుట్టుకొచ్చే దొంగ సైట్ల గురించి టీటీడీ ఎన్నిసార్లు మొత్తుకుంటోంది! బయటి ఊరి యాత్రికుడికి "చిరునామా చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకో స్వామీ" అని చెప్పే మనమే మన ప్రయాణానికి వచ్చేసరికి మొదట కనిపించిన నంబరుకు డబ్బు పంపుతున్నాం. యాత్రికులను, పర్యాటకులను పట్టుకునే నకిలీ బుకింగ్ సైట్ల గురించి కేంద్ర హోం శాఖలోని సైబర్ నేరాల విభాగం ఐ4సీ 2025 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా.

క్యూఆర్ స్కాన్ చేశాక, పిన్ కొట్టే ముందు, తెరమీద వచ్చే పేరు చదవండి. రిసార్ట్ పేరో, దాని కంపెనీ పేరో రావాలి. ఎవరో మనిషి పేరు వచ్చి, "అది మా మేనేజర్ ఖాతా సార్" అన్నారంటే అక్కడే ఆగిపోండి. అక్కడికి వెళ్లాక కట్టే వీలున్న గదినే చూసుకోండి. అడ్వాన్సు తప్పదంటే క్రెడిట్ కార్డు మేలు, తేడా వస్తే బ్యాంకులో అభ్యంతరం పెట్టే దారి ఉంటుంది. యూపీఐలో మీ చేత్తో మీరే పంపిన డబ్బు వెనక్కి రప్పించడం చాలా కష్టం.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు అడగలేదు కానీ నాకు ఎక్కువ భయం వేసింది అడ్వాన్సు గురించి కాదు, ఆ ఆధార్ ఫొటోల గురించి. ఎనిమిది మంది, ముందూ వెనకా కలిపి పదహారు ఫొటోలు. గ్రూపులో ఎనిమిది ఫోన్లు. వాట్సాప్ తనంతట తానే గ్యాలరీలోకి దించేస్తే 128 కాపీలు. ఆ గ్యాలరీలు రాత్రికి క్లౌడ్‌లోకి బ్యాకప్ అవుతాయి. ఎవరో ఒకరు పాత ఫోన్ అమ్మేస్తారు, ఇంకొకరు ఫోన్‌ను పిల్లల చేతికిస్తారు. ఇవి కాక రిసార్ట్ వాళ్లదో, రిసార్ట్ పేరు చెప్పుకునే వాడిదో ఫోన్‌లో ఇంకో పదహారు.

మొన్న తిరుపతి బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపుకు వెళ్లాను, ఒక రశీదు ప్రింటు తీయించుకోవాలి. "వాట్సాప్ చేయండి సార్" అన్నాడు కుర్రాడు. పంపాను. నా ఫైలు కోసం అతను డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కిందికి జరుపుతుంటే నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఒక పెద్దావిడ ఆధార్. ఎవరిదో పాన్ కార్డు. చంటిబిడ్డ జనన ధ్రువపత్రం. బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఖాతా నంబరు స్పష్టంగా. కొన్నిటి తేదీలు నాలుగు నెలల వెనకవి. "సాయంత్రం అన్నీ డిలీట్ చేసేస్తాము సార్" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు, ఆ ఫైళ్లు అక్కడ ఉండకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. నాది తీయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి వచ్చాను. మిగతావి ఇంకా అక్కడే ఉండి ఉంటాయి.

ఫొటో పోతే ఏమవుతుంది అంటారా? మీ పేరుమీద సిమ్ తీసుకోవడానికి అది పనికొస్తుంది, ఆ సిమ్‌తో ఇంకొకరిని మోసం చేస్తే పోలీసులు ముందు మీ ఇంటి తలుపు తడతారు. వేలిముద్రతో డబ్బు తీసుకునే ఆధార్ చెల్లింపులకు కావలసింది ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. మొదటిది మీరు గ్రూపులో పెట్టేశారు. వేలిముద్ర కాపీ చేసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులూ ఉన్నాయి. అందుకే ఆధార్ యాప్‌లో గానీ, వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ వేసుకోండి. అవసరమైన రోజు తీసుకుని మళ్లీ వేసుకోవచ్చు. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరుమీద ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో చూడండి. మన రాష్ట్రంలో ఒకరి పేరుమీద తొమ్మిది వరకు ఉండొచ్చు కాబట్టి, మీకు తెలియని రెండు మూడు ఇరుక్కుని ఉన్నా మీకు అనుమానం రాదు. మీవి కానివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయండి.

ఇకమీదట ఎవరికైనా పంపాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనిపిస్తాయి. ఇక్కడ డిజైన్ చేసిన వాళ్లతో నాకు ఒక పేచీ ఉంది. ఆధార్ వెబ్‌సైట్ నుంచి దించుకునే ఆ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ ఏమిటి? పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మిమ్మల్ని కాస్త తెలిసిన ప్రతివాడి దగ్గరా ఆ తాళంచెవి ఉన్నట్టే. పైగా హోటల్ కౌంటర్‌లో అది తెరుచుకోక వాళ్లు విసుక్కుంటే, మనం స్క్రీన్‌షాట్ తీసి పంపేస్తాం. తాళం పెట్టిన ప్రయోజనం పోయింది.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది: లైసెన్సు లేని హోటళ్లు, సినిమా హాళ్లు ఆధార్ కాపీలు తీసుకుని దాచుకోకూడదని. రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు, జనం అపార్థం చేసుకునే అవకాశం ఉందని. జనం అప్పుడు అర్థం చేసుకున్నదే సరైనదని నా అభిప్రాయం. గది ఇచ్చేవాడు మనిషిని, కార్డును పోల్చి చూసుకుని రిజిస్టరులో రాసుకుంటే చాలు. కార్డు ఫొటో రిసెప్షన్‌లో కూర్చునే వాళ్ల సొంత ఫోన్‌లోకి ఎందుకు? 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, పని తీరాక సమాచారం తీసేయాలన్నది అందులో ఉంది. మన తిరుపతి లాడ్జీల కౌంటర్ల మీద పేరుకుపోయిన జిరాక్సుల కట్టలు చూసినప్పుడల్లా ఆ చట్టం ఇంకా అలిపిరి దాకా రాలేదనిపిస్తుంది.

విమానం టికెట్‌కైతే ఆధార్ కాపీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. పేరు, వయసు వివరాలు చాలు. పేరు మాత్రం గుర్తింపు కార్డులో ఎలా ఉందో అలాగే. మన ఇంటిపేర్లు ఒక కార్డులో పొట్టి అక్షరంగా, ఇంకో దాంట్లో పూర్తిగా ఉంటాయి కాబట్టి గ్రూపులో ఫొటో బదులు ఆ పేరు టైప్ చేయించండి. ఈ రాత్రికే గ్రూపు తెరిచి ఎవరి ఫొటోలు వాళ్లే తీసేయండి. సుమారు రెండున్నర రోజులు దాటితే అందరి ఫోన్లలోంచీ ఒకేసారి తీసేసే వీలు వాట్సాప్‌లో ఉండదు. గ్యాలరీల్లోకి దిగినవి ఎవరికి వారే విడిగా తీయాలి.

"మా ఫోన్ వాటర్‌ప్రూఫ్. సముద్రంలో దిగి వీడియో తీసుకోవచ్చు కదా?" అని చిత్తూరు నుంచి ఒక విద్యార్థి.

ఫోన్ పెట్టె మీద ఐపీ 68 అని ఉంటే, దాన్ని మంచినీటిలో, కదలకుండా, తయారీదారు చెప్పిన లోతులో, చెప్పినంత సేపు ఉంచి పరీక్షించారని అర్థం. చాలా వాటికి అది మీటరున్నర, అరగంట. ఉప్పునీరు, అల దెబ్బ, ఇసుక ఆ పరీక్షలో లేవు. లోపలి జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పట్టు వదులుతుంది, ఒకసారి కిందపడినా వదులుతుంది. ప్రకటనలో ఈత కొలనులో దూకించి చూపించి, వారంటీ కాగితంలో నీటి నష్టానికి బాధ్యత లేదని రాసే పద్ధతి నాకు పరమ అసహ్యం. మరి మీరు మాత్రం ఆ కాగితం చదవరేం?

వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొనుక్కోండి. కొన్నాక ఫోన్ పెట్టకండి, ముందు ఒక టిష్యూ పేపరు మడిచి పెట్టి, మూసి, బకెట్ నీళ్లలో రాత్రంతా ముంచండి, తేలకుండా పైన చెంబు పెట్టి. తెల్లారి పేపరు మూల కాస్త మెత్తబడినా ఆ పౌచ్ పనికిరాదు. నీళ్లలో టచ్ సరిగా పనిచేయదు, వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీయడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. ఫోన్ ఉప్పునీటిలో పడితే ఆ రోజు ఛార్జింగ్ పెట్టకండి. తడి పిన్నుల్లో కరెంటు పారితే ఉప్పు వాటిని తినేస్తుంది. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టడం మానండి, దుమ్ము పోర్టులోకి పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

తిరుచానూరు నుంచి ఒక గృహిణి: "అండమాన్‌లో నెట్ వస్తుందా? ఫోన్‌పే పనిచేస్తుందా?"

చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారమ్మా. అంతకుముందు అంతా ఉపగ్రహాల మీదే. ఇప్పుడు ఊళ్లో బాగానే వస్తుంది, బీచుల్లో, పడవల మీద నమ్మకం లేదు. నగదు దగ్గర పెట్టుకోండి. మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోండి, టికెట్లన్నీ పీడీఎఫ్‌లుగా దాచుకుని ఒక ప్రింటు తీసుకోండి. నెట్ లేకపోతే టికెట్టే చూపించని యాప్ తయారుచేసిన వాళ్లను ఒక్కసారి జెట్టీ మీద వరసలో నిలబెట్టాలి.

ఇంకో చిక్కుంది. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హావ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. ఒక యాప్‌లో పాత పేరు, ఇంకో దాంట్లో కొత్త పేరు. రెండూ వేరు వేరు ద్వీపాలనుకుని ఒకే ద్వీపంలో రెండు గదులు తీసుకునే ప్రమాదం ఉంది. విమానం టికెట్‌లో శ్రీ విజయపురం విమానాశ్రయం కోడ్ ఐఎక్స్‌జెడ్ ఉందో లేదో చూసుకోండి. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదుకల్లా సూర్యాస్తమయం. గడియారం మనదే, సూర్యుడే ముందు. స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ బీచ్‌లో పొద్దు గుంకడం చూడాలంటే నాలుగింటికే అక్కడ ఉండండి.

బయల్దేరే వారంలో మాత్రం పెద్ద అప్‌డేట్ వేయకండి. సెక్యూరిటీ అప్‌డేట్ తప్పనిసరి, దాన్ని రెండు వారాల ముందే వేసి, బ్యాంకు యాప్ తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. అర్ధరాత్రి అడగకుండా అప్‌డేట్ అయి, తెల్లారేసరికి యాప్‌ల నుంచి బయటికి నెట్టేసే ఫోన్లను నేను క్షమించలేను. మళ్లీ లాగిన్ కావాలంటే ఎస్సెమ్మెస్ రావాలి, మీరేమో సిగ్నల్ లేని పడవలో. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనిపించకుండా సెట్టింగ్ మార్చండి. ఫోన్ ఇసుకలో పోయినా ఓటీపీ ఇంకొకరి కంట పడకూడదు.

ఖర్చులు పంచుకునే యాప్ చెప్పమని పుత్తూరు నుంచి అడిగారు. కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు చూసే అనుమతి అడిగేది ఏదీ వద్దు. ఎనిమిది మంది లెక్కకు మీ అమ్మగారి ఫోన్ నంబరుతో పనేమిటి? ఒకరు ఆన్‌లైన్ షీటు తెరిచి ఏ రోజుదారోజు రాసుకుంటే సరిపోతుంది.

పవర్ బ్యాంక్, డ్రోన్ తీసుకెళ్లొచ్చా అని అడిగిన శ్రీకాళహస్తి పాఠకుడికి: పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే పెట్టుకోవాలి, చెక్‌ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు. 100 వాట్-అవర్ల వరకు సాధారణంగా ఇబ్బంది లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 74. ఆ అంకె చెరిగిపోయిన పాత పవర్ బ్యాంక్ తీసుకెళ్లకండి, భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు. డ్రోన్ సంగతి మర్చిపోండి. అండమాన్ సైనికంగా కీలకమైన చోటు, అనుమతి లేకుండా ఎగరేయకూడదు. జారవా అనే ఆదివాసుల ప్రాంతంలో రోడ్డు మీద వెళ్తూ వాళ్లను ఫోన్‌తో ఫొటో తీయడం కూడా నేరమే. డ్రోన్‌కు అద్దె అడ్వాన్సు ఇచ్చేశానన్నారు, ఈ వారమే అడిగి వెనక్కి తెచ్చుకోండి.