అమెరికా ఉపాధ్యక్షుల్లో ఎవరి జీవితమైనా చదవదగినదేనా?

అధ్యక్షుడికి ఏదైనా జరిగితే తప్ప ఉపాధ్యక్షుడికి పని ఉండదు కదా, వారిలో ఎవరి గురించైనా చదవాల్సినంత ఉందా అని అడిగారు. నా మటుకు హెన్రీ వాలెస్ పేరు చెబుతాను. 1941 జనవరి నుంచి 1945 జనవరి దాకా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దగ్గర ఉపాధ్యక్షుడిగా ఉన్నారు. అయితే నాకు ఆయన పరిచయమైంది రాజకీయాల వల్ల కాదు, మొక్కజొన్న వల్ల.

ఏలూరు దగ్గర మా ఇంట్లో రెండు రకాలను సంకరం చేసి మొక్కజొన్న హైబ్రిడ్ విత్తనం పండించేవాళ్ళం. తెల్లవారకముందే చేలో దిగి, ఆడ సాళ్ళలో, అంటే విత్తనం కట్టాల్సిన సాళ్ళలో, ప్రతి మొక్క తలమీద మగ పూతను విడవకముందే లాగేయాలి. ఒక్క రోజు ఏమరితే పుప్పొడి రాలి విత్తనం కల్తీ అవుతుంది. ఆకుల అంచులకు చేతులు గీసుకుపోయి, స్నానం చేస్తే భగ్గున మండేవి. తర్వాత మొక్కల ప్రజననం చదవడానికి అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళినప్పుడు, ఈ పనిని వ్యాపారంగా మలిచిన తొలితరం వారిలో ఒకరు ఇక్కడే 1910లో పట్టా పుచ్చుకున్న వాలెస్ అని, 1926లో ఆయన పెట్టిన హైబ్రిడ్ విత్తన కంపెనీయే తర్వాత పయొనీర్ అయిందని తెలిసింది.

ఆ రోజుల్లో అయోవాలో కంకుల పోటీలు జరిగేవి. వరసలు తీరుగా ఉండి, చూడ్డానికి నిండుగా ఉన్న కంకికే బహుమతి. 1904లో, ఇంకా బడి పిల్లవాడిగా ఉన్నప్పుడే, వాలెస్ బహుమతి కంకుల గింజలనూ పనికిరావన్న కంకుల గింజలనూ పక్కపక్కనే విత్తి, పంట తూచి, అందానికీ దిగుబడికీ సంబంధం లేదని తేల్చారు. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న ఘట్టం ఇదే.

1933 నుంచి 1940 దాకా వ్యవసాయ మంత్రిగా ఉన్నారు. ధరలు నిలబెట్టడానికి మొదటి ఏడాదే సుమారు కోటి ఎకరాల పత్తిని దున్నించారు, దాదాపు 60 లక్షల పందులను చంపించారు. ఆకలి ఉన్న దేశంలో ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు, కానీ ధర లేక టమాటాను రోడ్డు మీద పారబోసిన రైతును చూసినవాళ్ళం కాబట్టి ఆ లెక్క అర్థం కాకపోదు. 1940 చివర్లో, ఉపాధ్యక్షుడిగా ఎన్నికై ఇంకా ప్రమాణం చేయకముందే, సొంత కారులో మెక్సికో వెళ్ళి అక్కడి చేలు చూసి వచ్చి, అక్కడ పంటల పరిశోధన మొదలుపెట్టమని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థను కదిలించారు. 1943లో మొదలైన ఆ పరిశోధనలోనే మరుసటి ఏడాది గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ చేరారు. 1960లలో మన దేశానికి వచ్చిన పొట్టి గోధుమలకు మూలం అక్కడే ఉంది.

అంత గట్టి చూపున్న మనిషి 1944లో సైబీరియాలోని మగదాన్‌లో మోసపోయారు. ఆయన వస్తున్నారని సోవియట్ అధికారులు నిర్బంధ శిబిరాల కాపలా బురుజులు కూల్చి, ఖైదీలను దాచి, దుకాణాలను సరుకులతో నింపారు. అక్కడ ఖైదీగా ఉన్న ఎలినోర్ లిప్పర్ రాసినదాని ప్రకారం, పందుల ఫారంలో ఆఫీసు అమ్మాయిలను పనివాళ్ళుగా నిలబెట్టారు; వాలెస్ పందుల గురించి ఏదో అడిగితే వాళ్ళు తెల్లమొహం వేశారు, దుభాషి గట్టెక్కించాడు. కంకి అందాన్ని నమ్మని మనిషి ఆ ముస్తాబును మాత్రం నమ్మారు.

ఆ జులైలో ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకునే డెమొక్రాటిక్ పార్టీ షికాగో మహాసభలో వాలెస్ మొదటి రౌండులో 429.5 ఓట్లతో ముందున్నా, పార్టీ పెద్దల మంత్రాంగంతో రెండో రౌండులో ట్రూమన్ గెలిచారు. ట్రూమన్ ఉపాధ్యక్షుడైన 82 రోజులకే రూజ్‌వెల్ట్ మరణించారు, అధ్యక్ష పదవి ట్రూమన్‌కు దక్కింది. 1948లో వాలెస్ మూడో పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడి, దక్షిణాదిలో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టే సభల్లో మాట్లాడనని పట్టుబట్టి, కోడిగుడ్ల దెబ్బలు తిని, 2.4 శాతం ఓట్లతో సరిపెట్టుకున్నారు. సోవియట్ విషయంలో తాను ఎక్కడ పొరబడ్డారో 1952లో పత్రికలో స్వయంగా రాశారు. ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్ సేలంలో తన పొలంలో కోళ్ళను, స్ట్రాబెర్రీలను, గ్లాడియోలస్ పూలను సంకరం చేస్తూ గడిపి, 1965లో కన్నుమూశారు.