స్పారింగ్‌కి ట్రాన్స్ అమ్మాయి వస్తోందని మా పాపని బాక్సింగ్ మాన్పించాలా?

ప్రశ్న: సార్, మాది విజయవాడ సత్యనారాయణపురం. మా అమ్మాయి పదో తరగతి పూర్తి చేసింది. మూడేళ్ళుగా బాక్సింగ్ నేర్చుకుంటోంది, రాష్ట్రస్థాయిలో కాంస్యం కూడా వచ్చింది. ఈమధ్య వాళ్ళ ప్రాక్టీసుకి ఒక ట్రాన్స్ అమ్మాయి వస్తోంది. కోచ్ గారు ఆమెతో మా పాపకి స్పారింగ్ (ప్రాక్టీసు కోసం ఇద్దరినీ రింగులో తలపడనివ్వడం) పెడుతున్నారు. పారిస్ ఒలింపిక్స్‌లో ఏం జరిగిందో అందరం చూశాం. ఇలాగైతే మామూలు ఆడపిల్లలకి మెడల్స్ ఎక్కడివి? ఆట మాన్పించి రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్చమంటారా, స్పోర్ట్స్ కోటా కోసం కొనసాగించమంటారా? రెండూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ఇంటర్ అడ్మిషన్లు మొదలయ్యే రోజుల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తూనే ఉంటుందండీ. ఒకరికి కోచ్ నచ్చడు, ఒకరికి పాప మోకాలి నొప్పి, ఇంకొకరికి గ్రౌండ్ దూరం. మీకు ట్రాన్స్ అమ్మాయి దొరికింది. అడుగున ఉన్న భయం మాత్రం అందరిదీ ఒకటే: ఆడపిల్ల ముఖం మీద దెబ్బలు తినే ఆటలో ఉంటే రేపు దాని బతుకు ఏమవుతుంది అని. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. దాన్ని ఇంకో పిల్ల నెత్తిన పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు.

ముందు పారిస్ సంగతి. 2024 ఆగస్టులో ఇటలీ బాక్సర్ ఏంజెలా కరీని 46 సెకన్లకే బౌట్ వదిలేసిన వీడియో మీరు చూసి ఉంటారు. ఎదురుగా ఉన్న అల్జీరియా బాక్సర్ ఇమాన్ ఖలీఫ్ ట్రాన్స్ మహిళ కాదు. పుట్టినప్పుడు అమ్మాయిగానే నమోదై, అమ్మాయిగానే పెరిగింది. ఆమె అర్హత మీద వివాదం ఉన్న మాట నిజమే. 2023లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అప్పటి బాక్సింగ్ సంఘం పరీక్షల పేరుతో ఆమెని తప్పించింది, ఆ పరీక్షలని ఒలింపిక్ కమిటీ నమ్మలేదు. కానీ అది వేరే గొడవ. ఇదే ఖలీఫ్ టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఐర్లండ్ అమ్మాయి కెలీ హారింగ్టన్ చేతిలో 5-0తో ఓడిపోయింది. ఆ వీడియో వాట్సాప్‌లో ఎవరూ పంపరు.

ఇక ట్రాన్స్ మహిళలు, అంటే పుట్టినప్పుడు అబ్బాయిగా నమోదై అమ్మాయిగా జీవించేవాళ్ళ విషయం. మగపిల్లల్లో యుక్తవయసులో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ చేసే మార్పులు చిన్నవి కావు. ఎముకలు, ఎత్తు, భుజాల వెడల్పు, కండ అన్నీ మారతాయి. 2020లో అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు పంచ్ విసిరే కదలికలో శక్తిని కొలిస్తే, ఆడవాళ్ళకంటే మగవాళ్ళ సగటు 162% ఎక్కువ వచ్చింది. తర్వాత మందులతో టెస్టోస్టెరాన్ తగ్గిస్తే రక్తంలో హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లోనే ఆడవాళ్ళ స్థాయికి దిగుతుంది. కండబలం మాత్రం ఏడాది గడిచినా కొంచెమే తగ్గుతుంది, ఎముకల పొడవు అసలు మారదు. అయితే ఈ కొలతల్లో ఎక్కువ భాగం క్రీడాకారులు కానివాళ్ళవి. ట్రాన్స్ బాక్సర్ల మీద నేరుగా చేసిన పరిశోధన చాలా తక్కువ. అయినా పరుగుపందెంలో తేడా ఉంటే పతకం పోతుంది, బాక్సింగ్‌లో తేడా ఉంటే దవడ పోతుంది. అందుకే కాంటాక్ట్ ఆటల్లో అంతర్జాతీయ స్థాయి మహిళల విభాగానికి హద్దు పెట్టడం నాకు సబబుగానే కనిపిస్తుంది.

ఆ హద్దు ఇప్పటికే పెట్టేశారు కూడా. 2020లో రగ్బీ మొదలుపెట్టింది, 2022లో ఈత, 2023లో అథ్లెటిక్స్ అదే దారి పట్టాయి. ఇప్పుడు ఒలింపిక్ బాక్సింగ్‌ని చూసే వరల్డ్ బాక్సింగ్ సంఘం 2025లో మహిళల విభాగంలో 18 ఏళ్ళు దాటిన బాక్సర్లకి జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. అందులో వై క్రోమోజోమ్ మీద ఉండే ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉందా లేదా చూస్తారు. ఆ ఏడాది సెప్టెంబరులో లివర్‌పూల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఈ నిబంధన కిందే జరిగింది. మన జైస్మిన్ లంబోరియా 57 కిలోల్లో, మీనాక్షి హూడా 48 కిలోల్లో స్వర్ణాలు తెచ్చారు. మామూలు ఆడపిల్లలకి మెడల్స్ ఎక్కడివి అని అడిగారు కదా, ఇక్కడివి.

ఇందులో మీరు ఆలోచించని సంగతి ఒకటుంది. ఈ పరీక్ష రేపు చేయించుకోవాల్సింది మీ అమ్మాయి. మన దేశంలో ఇలాంటి అనుమానాలకి బలైనవాళ్ళుగా మనందరికీ తెలిసినవాళ్ళు ట్రాన్స్ మహిళలు కారు. తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో రజతం గెలిస్తే, ఆడా మగా తేల్చే పరీక్షలో ఫెయిల్ అన్నారు, పతకం లాక్కున్నారు. తన ఒంటి గురించి దేశమంతా టీవీల్లో మాట్లాడుకుంది. ఒడిశా పరుగు క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ని, ఒంట్లో సహజంగానే టెస్టోస్టెరాన్ ఎక్కువుందని, 2014లో కామన్‌వెల్త్ క్రీడలకి ముందు జట్టులోంచి తీసేశారు. ఆమె స్విట్జర్లాండ్‌లోని క్రీడల కోర్టు దాకా వెళ్ళి, 2015లో ఆ నిబంధననే నిలిపివేయించి, రియో ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. అందరికీ అంత ఓపిక, అంత అండ ఉండవు.

అలాంటి తేడా ఏదైనా ఉంటే పోటీలో కాదు, ఇంట్లో ముందే తెలియాలి కాబట్టి ఈ పని మీరు చేయండి. పాపకి పదిహేనేళ్ళు నిండినా నెలసరి మొదలవకపోయి ఉంటే, లేదా మరీ క్రమం తప్పుతుంటే, వాళ్ళమ్మని తోడు పంపి మంచి గైనకాలజిస్టుకో ఎండోక్రైనాలజిస్టుకో చూపించండి. అది ఆరోగ్యం విషయం, ఆటతో సంబంధం లేకుండానే చూపించాల్సింది. రిపోర్టులు ఇంట్లోనే ఉంచండి, అకాడమీ ఫైల్లో పెట్టకండి. జుట్టు కురచగా కత్తిరించుకుందనో, భుజాలు వెడల్పయ్యాయనో పాపని ఎవరైనా మగరాయుడని వెక్కిరిస్తే అక్కడికక్కడే ఆపండి. అవతలి అమ్మాయిని మీ ఇంట్లో ఏ మాటలు అంటున్నారో, రేపు మీ అమ్మాయిని బయట అవే మాటలు అంటారు.

స్పారింగ్ సంగతికి వస్తాను. ఇదివరకు మీ పాప ఎవరితో స్పారింగ్ చేసేది? మన విజయవాడ, గుంటూరు ప్రాక్టీసుల్లో ఒకే బరువున్న ఇద్దరు అమ్మాయిలు దొరకడమే కష్టం. అబ్బాయిలతోనే చేసి ఉంటుంది. అప్పుడు రాని అభ్యంతరం ఇప్పుడెందుకు వచ్చింది? స్పారింగ్ పోటీ కాదు, అక్కడ గెలిచేవాళ్ళు ఉండరు. భద్రత గురించైతే అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఇద్దరి బరువులకి తేడా ఎంత, అనుభవం ఎంత, హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ ఉన్నాయా, సగం బలంతో కొట్టమన్నారా, కోచ్ రింగ్ పక్కనే నిలబడుతున్నారా, ఫోన్‌లో ఉంటున్నారా. దెబ్బ బలంగా తగులుతోందని పాప చెబితే జోడీ మార్చమని అడగండి, అవతల ఎవరున్నా సరే. నిజానికి ఈ విషయంలో మీ అమ్మాయి ఏమందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ముందు తనని అడగండి.

ఆ ట్రాన్స్ అమ్మాయి తల్లిదండ్రులు రాసినా దాచకుండా చెప్పేవాడిని: ఇప్పటి నిబంధనలతో మహిళల బాక్సింగ్‌లో అంతర్జాతీయ దారి మూసుకుపోయింది, దాని మీద ఆశ పెట్టి ఇంటర్ వదిలేయొద్దు, ఆట మీద ఇష్టం ఉంటే బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ), కోచింగ్, ఫిజియోథెరపీ ఉన్నాయి అని. ప్రాక్టీసుకి రావడం, ఒళ్ళు గట్టిపడటం, నలుగురిలో ఒకరిగా ఉండటం మాత్రం ఏ నిబంధనా కాదనలేదు.

ఇప్పుడు స్పోర్ట్స్ కోటా. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. గత కొన్నేళ్ళుగా ఇది మన ఊళ్ళలో ఫ్యాషన్ అయిపోయింది. పోటీ తక్కువున్న ఆట ఏదో చెప్పండి సార్, రెండేళ్ళలో సర్టిఫికెట్ రావాలి అంటూ వస్తారు. పిల్లకి ఆ ఆట పేరు కూడా సరిగా తెలియదు. కోటాలో సీట్లు చాలా కొద్ది. రాష్ట్రస్థాయి కాంస్యంతో అక్కడ వరస చివర నిలబడతారు, ముందు అంతర్జాతీయ, జాతీయ పతకాలవాళ్ళు ఉంటారు. ఆ పోటీ జరిపిన సంఘానికి గుర్తింపు ఉందా అనేది ఇంకో మెలిక. శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) పరిశీలనలో సర్టిఫికెట్ పక్కన పెట్టేస్తే అప్పుడు ఏడ్చి లాభం లేదు. పతకం రాకపోతే పిల్లని ఇంట్లో నేరస్తురాలిలా చూసే తండ్రులని కూడా చూశాను. మీరు అలా కాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను. కోటా వస్తే వచ్చింది, దాన్ని లెక్కలో వేసుకోకుండా ప్లాన్ చేయండి.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రెసిడెన్షియల్‌లో వేస్తే బాక్సింగ్ అయిపోయినట్టే. పొద్దున్నే స్టడీ అవర్‌కి కూర్చోబెట్టే చోట రోడ్ వర్క్ (పరుగు సాధన) ఉండదు. డే స్కాలర్‌గా చేర్చితే రెండూ నడుస్తాయి, ర్యాంకు కొంచెం వెనక్కి వెళ్ళొచ్చు. పాపకి లెక్కలంటే ఇష్టమో కాదో మీరు రాయలేదు, జీవశాస్త్రం ఇష్టమైతే బైపీసీ తీసుకుని రేపు ఫిజియోథెరపీ వైపు వెళ్ళొచ్చు. ఏ గ్రూపు తీసుకున్నా డిగ్రీ అయ్యాక నాగార్జున యూనివర్సిటీలో బీపీఈడీ చేస్తే, డీఎస్సీలో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులు ఉండనే ఉన్నాయి. పతకాలు నిలబడితే రైల్వే, పోలీసు శాఖలు క్రీడాకారులని తీసుకుంటాయి. పక్క రాష్ట్రం నిజామాబాద్ అమ్మాయి, ప్రపంచ ఛాంపియన్ బాక్సర్ నిఖత్ జరీన్ ఈరోజు డీఎస్పీ. అందరూ నిఖత్‌లు కాలేరు, నిజమే. కానీ మీ పాప దారులు మీరు భయపడినంత ఇరుకుగా లేవు. రెండేళ్ళు ఆడనివ్వండి, ఇంటర్ అయ్యాక మళ్ళీ చూద్దాం.

ఫీజు కట్టేముందు ఒక్క పని మర్చిపోకండి. మీట్‌లకి వెళ్ళిన రోజులకి అటెండెన్స్ ఇస్తామని, పోయిన పరీక్షలు మళ్ళీ పెడతామని ప్రిన్సిపాల్ చేత కాగితం మీద రాయించుకోండి. అడ్మిషన్ రోజున నోటిమాటగా అన్నింటికీ సరే అంటారు. స్టేట్ మీట్ వచ్చిన వారం మాత్రం వీకెండ్ టెస్ట్ ఉందమ్మా అని పిల్లని క్లాసులో కూర్చోబెడతారు.