దీపం తప్పా, కన్ను తప్పా?

అల్లుడూ,

షాపు తెరిచి నెలన్నా కాలేదు, రిమోట్ పనిచెయ్యట్లేదని ఎవరొచ్చినా ముందు టీవీలో సెన్సర్ మార్చేస్తున్నావట. మీ అమ్మ ఫోన్‌లో గొప్పగా చెప్పింది గానీ నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ అలవాటు ఇప్పుడే మానుకో. రిమోట్‌లో ఉండేది దీపం, టీవీలో ఉండేది కన్ను. తప్పు దేనిదో తేలేదాకా సోల్డరింగ్ ఐరన్ ప్లగ్‌లో పెట్టకు.

దీపం మామూలు ఎల్‌ఈడీయే. కాకపోతే దాని వెలుగు ఎరుపును దాటి అవతల ఉంటుంది, దాన్నే ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఎక్కువ రిమోట్లలో దాని అల పొడవు 940 నానోమీటర్ల దగ్గర. మన కంటికి 700 దాటితే ఏమీ ఆనదు. సెల్‌ఫోన్ కెమెరాకి ఆనుతుంది. రిమోట్ మూతి కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కితే తెరమీద లేత ఊదారంగు చుక్క మిణుకుమంటుంది. వెనక కెమెరాల్లో చాలావాటికి ఈ వెలుగును ఆపే ఫిల్టర్ ఉంటుంది, అందుకని సెల్ఫీ కెమెరాతో చూడు. ముందు బాగున్న రిమోట్ ఒకదానితో చూసుకుని, ఆ తర్వాతే కస్టమర్‌ది పట్టుకో.

చుక్క రాకపోతే సెల్స్, స్ప్రింగుల తుప్పు చూడు. కొన్ని బటన్లే పనిచెయ్యకపోతే రబ్బరు కింద నల్లటి కార్బన్ బిళ్లలు అరిగి ఉంటాయి, లేదా జిడ్డు పట్టి ఉంటాయి. స్పిరిట్ ముంచిన దూదితో తుడిస్తే సగం కేసులు అక్కడే తీరిపోతాయి. కింద పడ్డాక మొత్తం చచ్చిపోయిన పాత రిమోట్ అయితే లోపల రెండు కాళ్ల రెసొనేటర్ కోసం వెతుకు, చిప్‌కి లయ ఇచ్చే ముక్క అదే, మీద 455 అని ఉంటుంది. రేడియోలు బాగుచేసిన మా తరానికి రేడియో లోపలి మధ్య ఫ్రీక్వెన్సీ, అంటే ఐఎఫ్, 455 నిద్రలో అడిగినా చెప్పే అంకె. అదే 455 కిలోహెర్ట్జ్‌ని రిమోట్ చిప్ 12తో భాగిస్తే దాదాపు 38 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 38 వేలసార్లు, వస్తుంది. దెబ్బకి లోపలి పింగాణీ చిట్లితే ఆ లెక్క మొదలే కాదు.

ఈ 38 కథ బాగా అర్థం చేసుకో. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, పాత ఫిలమెంట్ బల్బులోనూ ఉంటుంది. ఇంత గోలలో రిమోట్ మాట వినపడాలంటే అది సెకనుకి 38 వేలసార్లు ఆరి వెలుగుతూ పలకాలి. సెన్సర్‌లోని ఫోటోడయోడ్ మీద వెలుగు పడ్డప్పుడల్లా చిటికెడు కరెంటు పుడుతుంది. పక్కనే ఉన్న ఫిల్టర్ ఆ లయలో వచ్చిన దాన్నే లోపలికి పంపుతుంది. కదలకుండా ఉండే వెలుగుని పట్టించుకోదు.

కానీ ఆ లయకి దగ్గరగా మిణుకుమనేది ఇంకోటి ఉంటే? నేను నష్టపోయింది అక్కడే. సీఎఫ్‌ఎల్ బల్బులు కొత్తగా వస్తున్న రోజులు. ఒక ఇంటి టీవీకి రెండుసార్లు సెన్సర్ మార్చాను. షాపులో బ్రహ్మాండంగా పనిచేసేది, ఇంటికెళ్తే మళ్లీ మొరాయించేది. మూడోసారి నేనే వెళ్లాను. సాయంత్రం, టీవీ పక్కనే గోడకి కొత్త బల్బు. హోంవర్క్ అయిపోయిందని వాళ్ల అబ్బాయి లైటు ఆపాడు, నా చేతిలో రిమోట్ టక్కున పనిచేసింది. ఆ బల్బు లోపలి ఎలక్ట్రానిక్ చోక్ కూడా సెకనుకి వేలసార్లు కొట్టుకుంటుంది, సెన్సర్ పాపం దాని గోలకే బెదిరిపోయింది. బల్బు ఎదురుగోడకి మార్పించి, రెండు సెన్సర్ల డబ్బులు తిరిగిచ్చి, ఇచ్చిన టీ తాగి తల దించుకుని వచ్చాను. కాబట్టి షాపులో పనిచేస్తే రిపేర్ అయిపోయిందని అనుకోకు. ఇంట్లో టీవీ ఎక్కడ పెట్టారు, కిటికీ ఎండ పడుతోందా, అడుగు.

దీపం బాగుండి, టీవీ మాత్రం ఏ రిమోట్‌కీ పలకకపోతే అప్పుడు కన్ను చూడు. ముందు సెన్సర్‌కి కరెంటు అందే సప్లయి కాలు దగ్గర వోల్టేజీ ఉందో లేదో. తర్వాత ముల్లు మీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్ కాలికి, ఎర్రది అవుట్‌పుట్ కాలికి పెట్టు. ఊరికే ఉన్నప్పుడు సప్లయికి దగ్గరగా చూపిస్తుంది, బటన్ నొక్కితే ముల్లు కిందకి వణకాలి. వణికితే సెన్సర్ బంగారంలా ఉన్నట్టే, లోపం బోర్డులో వెతుక్కో. డిజిటల్ మీటర్ దీనికి సరిగా అందుకోదు, ముల్లు మీటరే వాడు.

మార్చాల్సే వస్తే కాళ్ల వరుస చూసుకో. టీఎస్ఓపీ 1738 అనే సెన్సర్‌కి ఎదురుగా చూస్తే ఎడమ నుంచి గ్రౌండ్, సప్లయి, అవుట్‌పుట్. 4838కి అవుట్‌పుట్, గ్రౌండ్, సప్లయి. రెండూ ఒకటే అనుకుని ఒకదాని చోట ఇంకోటి పెడితే మాత్రం కొత్తది అక్కడికక్కడే పోవచ్చు.

ఏసీ రిమోట్లు వేరే రకం. టీవీ రిమోట్ నొక్కిన బటన్ ఒక్కటే చెబుతుంది. ఏసీది నొక్కిన ప్రతిసారీ టెంపరేచర్, ఫ్యాన్, మోడ్ అన్నీ కలిపి పంపుతుంది. రిమోట్‌లో 24 ఉన్నా ఏసీ వినట్లేదని ఎవరైనా వస్తే, మధ్యలో అడ్డమొచ్చి ఆ నొక్కు చేరలేదేమో అడుగు. ఏసీకి ఎదురుగా ఇంకోసారి నొక్కమను. దానికి డబ్బులు తీసుకోకు.

నా ముల్లు మీటర్ అటకమీద ఉంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. వచ్చేటప్పుడు దానికి రెండు పెన్సిల్ సెల్స్ తెచ్చుకో, లోపలివి ఎప్పుడో కారిపోయాయి.

ఆశీస్సులతో,
మామయ్య