ఉండాలా, వెళ్లాలా అని తేల్చుకునే ముందు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. 14 ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. దూరంగా ఉన్న మరో కార్యాలయానికి వెళ్లే అవకాశం ఇచ్చి, రెండు నెలల్లో ఏ సంగతీ చెప్పమని మా సంస్థ అడిగింది. మా వారు "నీ ఇష్టం" అంటారు. 13 ఏళ్ల మా అమ్మాయి రానంటోంది. ఇక్కడ మాకు లోటేమీ లేదు. అయినా రెండేళ్లుగా ఈ ఇంట్లో ఊపిరాడనట్టుగా ఉంది. ఎదురింటి స్నేహితురాలు చనిపోయాక ఆ కిటికీ వైపు చూడలేకపోతున్నాను. వెళ్తే కుదుటపడతానా, ఉన్నది కూడా పోగొట్టుకుంటానా?

జవాబు: మీ ఉత్తరం రెండోసారి చదువుతున్నప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. స్నేహితురాలి గురించి ఒక్క మాట రాసి, వెంటనే అసలు ప్రశ్నలోకి వెళ్లిపోయారు. ఊపిరాడకపోవడం రెండేళ్లుగా అని రాశారు గానీ, ఆమె పోయి ఎంత కాలమైందో రాయలేదు. ఆ రెండూ ఒకే సమయంలో మొదలై ఉంటే, మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఊరి గురించినది కాకపోవచ్చునని నా అనుమానం. దుఃఖం చాలాసార్లు చోటు మీద విసుగులా కనిపిస్తుంది. ఎందుకంటే మనిషి లేని లోటు మనకు ఎదురయ్యేది గోడల్లో, గుమ్మాల్లో, రోజూ నడిచే దారిలోనే.

ఈ మాట కొంచెం కఠినంగా వినిపించవచ్చు, అయినా చెప్పక తప్పదు. మీరు వెళ్లే చోట ఆమె కిటికీ ఉండదు, అది కొంత ఉపశమనమే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే అక్కడ ఆమె పేరు తెలిసినవాళ్లు కూడా ఉండరు. ఆమె మాటను, నవ్వును తలచుకొని "అవును, అలాగే అనేది" అని వంత కలపగల మనిషి ఒక్కరైనా దగ్గర లేకపోతే దుఃఖం తగ్గదు, లోపలే ఉండిపోతుంది. అందువల్ల గడువులోని మొదటి మూడు నాలుగు వారాలను ఉద్యోగం గురించి ఆలోచించడానికి వాడకండి. ఆమె ఇంటివాళ్ల దగ్గరికి ఒకసారి వెళ్లి రండి. ఇన్నాళ్లుగా వెళ్లలేదని నాకనిపిస్తోంది, పొరపాటైతే మన్నించండి. పని మీద నాలుగు రోజులు బయటికి వెళ్లిన సందర్భాలను కూడా గుర్తు చేసుకోండి. అక్కడ మనసు నిజంగా తేలికపడిందా, లేక తిరిగి వచ్చి ఆమెకు చెప్పుకోవలసిన కబుర్లే మనసులో పోగయ్యాయా? మొదటిది నిజమైతే ఈ చోటు మిమ్మల్ని అలసిపోయేలా చేసిందని అర్థం. రెండోదైతే ఆ అలసట మీతోపాటే ప్రయాణం చేస్తుంది.

ఇక కొత్త చోటు సంగతి. దూరం నుంచి చూసినప్పుడు కొత్త చోటులో మనకు ఒకటి రెండు విషయాలే కనిపిస్తాయి. డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానమన్ అనే పరిశోధకులు 1998లో అమెరికాలోని రెండు వేర్వేరు ప్రాంతాల విద్యార్థుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. చక్కని వాతావరణం ఉన్న కాలిఫోర్నియాలోని వాళ్లే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండు చోట్లవాళ్లూ ఊహించారు. తీరా ఎవరి జీవితం పట్ల వాళ్లకున్న తృప్తిని అడిగితే రెండు చోట్లా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంది. కాబట్టి మీరు ఊహించుకోవలసింది అక్కడి మొదటి ఉదయాన్ని కాదు. ఆరో నెలలో, ఏ ప్రత్యేకతా లేని ఒక రోజు, అమ్మాయికి జ్వరం వచ్చి మీకు ఆఫీసులో పని ఎక్కువగా ఉన్నప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారో ఊహించుకోండి.

నేను ఇల్లు మారిన మొదటి నెలల్లో నన్ను బాగా అలసిపోయేలా చేసింది పెద్ద విషయమేమీ కాదు. అర్ధరాత్రి మంచినీళ్లకు లేస్తే చేయి పాత ఇంట్లో స్విచ్ ఉన్న ఎత్తులోనే గోడను తడిమేది, అక్కడ స్విచ్ ఉండేది కాదు. 14 ఏళ్లలో మీ చేతులకూ కాళ్లకూ అలవాటైన ఇలాంటివి ఎన్నో ఉంటాయి, వాటిని మీరెప్పుడూ లెక్కలోకి తీసుకొని ఉండరు. స్నేహాల విషయమూ అంతే. పరిచయస్థులు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, ఆప్తులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి వస్తుందని జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన పరిశోధన అంచనా వేసింది. వారానికి రెండు గంటలు కలిసే మనిషి మీకు ఆప్తురాలు కావడానికి దాదాపు రెండేళ్లు పడుతుందన్నమాట. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మొదటి ఏడాది ఒంటరిగా అనిపిస్తే దాన్ని తప్పుడు నిర్ణయానికి గుర్తుగా తీసుకోకూడదని చెబుతున్నాను.

ఉండిపోవడాన్ని కూడా ఇంతే శ్రద్ధగా పరీక్షించండి. వచ్చేదాని కన్నా పోయేది మనసుకు బరువుగా తోస్తుందని కానమన్, ఏమోస్ ట్వెర్స్కీ 1979లోనే చూపించారు. అందుకే ఉన్నచోటే ఉండటం నిర్ణయంలా కనిపించదు, నిజానికి అదీ నిర్ణయమే. ఈ అవకాశం రాకపోయి ఉంటే, వచ్చే అయిదేళ్లు ఈ పనిలో ఇష్టంగా ఉండేవారేనా? దానికి "లేదు" అన్న జవాబు తడుముకోకుండా వస్తే, వెళ్లడం వైపు అది గట్టి కారణమే.

మీ అమ్మాయికి 13 ఏళ్లు. ఆమె చేతిలో నిర్ణయం పెట్టకండి, ఆ బరువు ఆమె మోయలేదు. కానీ "అక్కడ కొత్త స్నేహితులు దొరుకుతారు" అని ఊరడించనూ వద్దు, ఎందుకంటే ఆమె బాధ ఇప్పుడున్న స్నేహితుల గురించి. ఎవరిని వదలడం కష్టంగా ఉందో పేర్లతో సహా చెప్పనివ్వండి, మధ్యలో పరిష్కారాలు చెప్పకుండా వినండి. మీ వారి "నీ ఇష్టం" ప్రేమతో అన్నదే కావచ్చు. అయినా రేపు ఏదైనా తేడా వస్తే ఆ మాట వల్ల బాధ్యతంతా మీ ఒక్కరి మీదే పడుతుంది. "వెళ్తే నీకు పోయేదేమిటి?" అని ఆయనను సూటిగా అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి.

రెండో నెల మొదట్లో ఆ ఊరికి వెళ్లి, వీలైతే అమ్మాయిని కూడా తీసుకొని, వారం రోజులు ఉండండి, చూడవలసిన ప్రదేశాల జోలికి మాత్రం పోకండి. ఆఫీసు వేళకు బయలుదేరి, ఆఫీసు వేళకు తిరిగి రండి. మొదట ఆరు నెలలకు పంపి, తర్వాత ఖాయం చేసే వీలుందేమో సంస్థను రాతపూర్వకంగా అడగండి. ఈలోగా ఇల్లు మాత్రం అమ్మకండి. స్నేహితురాలి ఇంటికి వెళ్లి వచ్చి, అక్కడ ఆ వారం కూడా గడిపాక వెళ్లాలనే కోరిక అలాగే ఉంటే, నిస్సంకోచంగా సరేనని జవాబు రాయండి. తగ్గిపోతే, ఎప్పుడు తగ్గిందో ఆ రోజు గుర్తుపెట్టుకొని నాకు మళ్లీ రాయండి.