యూనివర్సిటీ ఆఫ్ డాలస్, యూటీ డాలస్ ఒకటేనా?

కాదండీ, పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది పొరబడతారు. మన పిల్లలు ఎమ్మెస్‌కి ఎక్కువగా వెళ్లే యూటీ డాలస్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్) ప్రభుత్వానిది, అమెరికాలోని టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లో ఉంది. యూనివర్సిటీ ఆఫ్ డాలస్ మాత్రం 1956లో డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో మొదలైన చిన్న కాథలిక్ విశ్వవిద్యాలయం. కమ్యూనిస్టు పాలన నుంచి తప్పించుకొచ్చిన హంగరీ సిస్టర్షియన్ (ఒక కాథలిక్ సన్యాసుల సంఘం) సన్యాసులు తొలినాళ్లలో ఇక్కడ పాఠాలు చెప్పారు.

నాకు బాగా నచ్చేది దీని కోర్ కరిక్యులమ్, అంటే అందరూ తప్పక చదవాల్సిన ఉమ్మడి పాఠాలు. బయాలజీ డిగ్రీ చేసేవాళ్లయినా సరే, హోమర్, ప్లేటో, దాంతే చదవాల్సిందే. రెండో ఏడాదిలో చాలామంది ఒక సెమిస్టర్ రోమ్ దగ్గరున్న సొంత క్యాంపస్‌లో గడుపుతారు. అక్కడ ద్రాక్షతోట కూడా ఉంది. పుస్తకంలో చదివిన ఫోరమ్ (ప్రాచీన రోమ్ నగర కూడలి) రాళ్ల మధ్యే నడుస్తూ పాఠం వినొచ్చు! ఇక ఇర్వింగ్ క్యాంపస్‌లో ఫిబ్రవరిలో వచ్చే గ్రౌండ్‌హాగ్ డే (గ్రౌండ్‌హాగ్ అనే జంతువు తన నీడ చూస్తే చలికాలం ఇంకా కొనసాగుతుందని సరదాగా చెప్పుకునే అమెరికన్ వేడుక) పెద్ద పండగే.