అమ్మలుకు మామయ్య ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు, మామయ్య ఆశీస్సులు.

అమెరికాలోని చార్లెస్టన్ ఆసుపత్రుల్లో పనిచేసే నల్లజాతి స్త్రీల మీద లఘుచిత్రం తీస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నీ చదువు ఏమైపోతుందోనని ఆవిడ దిగులు. నాకు గర్వంగా ఉంది, గుండెలో గుబులుగానూ ఉంది.

బ్యాటరీలు రాత్రే ఛార్జింగ్ పెట్టుకో. అనుమతి అడగకుండా ఎవరినీ తీయకు. తీసినదాన్ని ఏ రోజుకారోజు రెండు చోట్ల దాచు.

ఇక వెలుగు సంగతి. ఒకప్పుడు ఫిల్ము తయారుచేసే కొడాక్ వాళ్లు, ఫోటోలో రంగులు సరిచూడటానికి తెల్లమ్మాయి ఫోటో ఉన్న కార్డు పంపేవారు. దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె ఒంటిఛాయ బాగా వస్తే అంతా బాగున్నట్టే. బడిలో తీసిన గ్రూపు ఫోటోల్లో నల్లపిల్లల ముఖాలు మసిబారిపోయేవి. చాక్లెట్ల వాళ్లు, కొయ్యసామాను వాళ్లు తమ సరుకు రంగు సరిగ్గా రావడం లేదని గోల చేశాక గానీ గోధుమఛాయల మీద కంపెనీకి ధ్యాస పెరగలేదట. పిల్లల ముఖాలకు లేని విలువ బీరువాలకు! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మనం మాత్రం తక్కువ తిన్నామా? పెళ్లిచూపుల ఫోటో అంటే పౌడరు దట్టించి, ముఖం మీదికి లైటు కొట్టి, ఆపైన నెగెటివ్ మీద పెన్సిలుతో దిద్దేవాళ్లు. మీ అమ్మ ఫోటో నేనే తీశాను. ఆవిడదీ నీ ఛాయే. పౌడరు వద్దన్నందుకు మీ తాతయ్య నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఆ ఫోటోలో దాని చెంప మీద పడిన కిటికీ వెలుగు చూడు, ఎంత నిండుగా ఉంటుందో!

ఆసుపత్రిలో గోడలు తెలుపు, కోట్లు తెలుపు. కెమెరాను దాని మానాన వదిలేస్తే ఆ తెలుపు చూసి ముఖాన్ని చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది, ముఖాన్ని చూసే పెట్టు. గోడకు దూరంగా కూర్చోబెట్టు. ఎదురు లైటు వద్దు. పక్కన తెల్లదుప్పటి కట్టి, దాని మీద పడి తిరిగొచ్చే వెలుగు చాలు.

మాడెలిన్ ఆండర్సన్ 1970లో తీసిన 'ఐ యామ్ సమ్‌బడీ' డాక్యుమెంటరీ చూశావా? 1969లో చార్లెస్టన్‌లోనే 12 మందిని పనిలోంచి తీసేశాక, దాదాపు 400 మంది ఆసుపత్రి కార్మికులు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలే. సమ్మెలో ఉన్నావిడ గొంతే అందులో కథ చెబుతుంది. నువ్వు మధ్యలో దూరి వ్యాఖ్యానం చెప్పావో, చెవి మెలిపెడతాను. కన్నీళ్ల క్లోజప్ కోసం కాచుకుని కూర్చోకు. వాళ్లు జీతం లెక్కలేసుకునేటప్పుడు, పక్కవాళ్లను ఆటపట్టించేటప్పుడు కూడా కెమెరా నడవనీ.

రాత్రి షిఫ్టు దిగేవాళ్లను తీయాలంటే ఒంటరిగా వెళ్లకు, ఎవరినైనా వెంట తీసుకెళ్లు. డబ్బు చాలకపోతే మీ అమ్మకు చెప్పకుండా నాకు ఫోను చెయ్యి. మొదట తీసిన ముఖం నాకు పంపించు, వెలుగు చూసి చెబుతాను.

మీ మామయ్య